1989లో థీసిస్ ఫ్లాపీలు అంత తేలిగ్గా ఎందుకు పోయేవి? కంప్యూటర్ సెంటర్‌లో మేం ఏం చేసేవాళ్లం?

మీ ప్రశ్న ఇది. మీ నాన్నగారు 1989లో తన పీహెచ్‌డీ థీసిస్‌ని యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో వర్డ్‌స్టార్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లో చేశారు. రెండుసార్లు అధ్యాయాలకు అధ్యాయాలే పోయాయి. "అప్పట్లో ఆ సెంటర్ వాళ్లకే ఏమీ తెలీదు" అని ఆయన ఇప్పటికీ అంటుంటారు. అంత తేలిగ్గా ఎలా పోయేవి, సెంటర్‌లో ఉన్నవాళ్లు అసలు ఏం సాయం చేసేవాళ్లు, ఇప్పుడు ఇల్లు సర్దుతుంటే దొరికిన ఫ్లాపీల డబ్బాని చదవడం కుదురుతుందా అని అడిగారు.

నేను 1986లో కోస్తాలోని ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో టెక్నికల్ అసిస్టెంట్‌గా చేరాను. పదేళ్లకు పైగా రోజూ స్కాలర్ల పక్కన, ప్రొఫెసర్ల పక్కన, ఆఫీసు టైపిస్టుల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే నా ఉద్యోగం.

సూటిగా చెప్తాను. చాలా వరకు మెషీన్ చెడిపోయి పోలేదు. కాపీ తీసి దాచే బాధ్యత చేతులు మారింది, ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పెద్ద కంప్యూటర్ల కాలంలో మీ పనిని భద్రంగా ఉంచేది ఆపరేటర్. పర్సనల్ కంప్యూటర్ వచ్చిన రోజునుంచి కుర్చీలో కూర్చున్న మనిషే ఆపరేటర్ అయిపోయాడు. మీ నాన్నగారికి ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ఆయన కోపంలో న్యాయం ఉంది. ఇక ఫ్లాపీల సంగతికొస్తే, అవకాశం ఉంది, కానీ తొందరపడకండి. ఎలా చేయాలో చివర్లో రాశాను.

ముందు పాత పద్ధతి ఎలా ఉండేదో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. నాకు ముందు పనిచేసిన సీనియర్లు పంచ్ కార్డుల కాలం వాళ్లు, అంటే అట్టకార్డుల మీద రంధ్రాలు పొడిచి ప్రోగ్రామ్ ఎక్కించిన కాలం. ఒక్కో కార్డుకి 80 అక్షరాలు, ఒక్కో కార్డు ప్రోగ్రామ్‌లో ఒక్కో వరుస. స్కాలర్ తన ఫోర్‌ట్రాన్ (లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాష) కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేసి కిటికీ దగ్గర ఇచ్చి వెళ్లేవాడు. మర్నాడు వచ్చి ప్రింటవుట్ తీసుకునేవాడు. మెషీన్‌ని కంటితో చూడకుండానే డాక్టరేట్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. కట్ట కింద పడితే వరుస తప్పుతుందని కార్డుల అంచు మీద స్కెచ్ పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసేవాళ్లు. కార్డులు మళ్లీ పేరిస్తే గీత సరిగ్గా కలవాలి, కలవకపోతే ఏ కార్డు తప్పుచోట ఉందో ఇట్టే తెలిసిపోయేది. స్కాలర్‌కి తెలియాల్సిన జాగ్రత్త అదొక్కటే. టేపుల మీద కాపీలు తీయడం, వాటి మీద తేదీలు రాయడం, బీరువాలో పెట్టి తాళం వేయడం అన్నీ ఆపరేటర్ల పని.

1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చింది. దిగుమతుల మీద పట్టు సడలింది, దేశంలోనే ఐబీఎం పీసీకి నకళ్లు తయారుచేసే కంపెనీలు పెరిగాయి. రెండు మూడేళ్లలో మా సెంటర్‌కి ఎక్స్‌టీలు, అంటే ఆ రకం పర్సనల్ కంప్యూటర్లు, వచ్చాయి. 640 కేబీ మెమరీ, కొన్నింటికి 20 ఎంబీ హార్డ్ డిస్క్, మిగిలినవాటికి రెండు ఫ్లాపీ డ్రైవులు మాత్రమే. పై డ్రైవులో డాస్ (మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్), వర్డ్‌స్టార్ ఉన్న ఫ్లాపీ, కింది డ్రైవులో మీ సొంత ఫ్లాపీ. ఫ్లాపీ అంటే కవరులో పలుచటి అయస్కాంత పళ్లెం, 5.25 అంగుళాలది, 360 కేబీ పడుతుంది. గది బయట చెప్పులు విడవాలి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, గంట చొప్పున స్లాట్. కంప్యూటర్ అనే మాట తక్కువగా వినపడేది. "సార్, సిస్టమ్ ఖాళీగా ఉందా?" అనే అడిగేవాళ్లు.

ఆ గంట కోసం స్కాలర్లు వారం రోజులు ఎదురుచూసేవాళ్లు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడినుంచే వచ్చేవి. ఉన్న గంటలో పదిహేను నిమిషాలు కాపీలు తీయడానికి పెట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది? పైగా రెండో ఫ్లాపీ కొనాలి. ఫెలోషిప్ ఆర్నెల్లకోసారి వచ్చే రోజుల్లో అది చిన్న ఖర్చు కాదు. స్కాలర్లకు తలా రెండు ఫ్లాపీలు సెంటరే ఇవ్వాలని మేం ఏటా రాసి పంపేవాళ్లం. ఏటా తిరిగొచ్చేది. లక్షలు పోసి మెషీన్లు కొన్నవాళ్లు ఆ చిన్న ఖర్చుకి వెనకాడారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఫైలు గుర్తొస్తే నాకు బాధేస్తుంది.

ఇక ఎలా పోయేవో చెప్తాను. అన్నిటికంటే ఎక్కువగా చూసింది "డిస్క్ ఫుల్".

వర్డ్‌స్టార్ సేవ్ చేసే పద్ధతి ఇలా ఉండేది. మీరు తెరిచిన అధ్యాయాన్ని అది నేరుగా మార్చదు. కొత్త రూపాన్ని ఒక తాత్కాలిక ఫైలుగా రాస్తుంది. అది పూర్తయ్యాక అసలు ఫైలు పేరు చివర బ్యాక్ (.BAK) అని మార్చి, తాత్కాలిక ఫైలుకి అసలు పేరు పెడుతుంది. అంతకుముందున్న పాత బ్యాక్ అప్పుడు పోతుంది. మంచి పద్ధతే, పాతది ఎప్పుడూ ఒకటి మిగులుతుంది. కానీ 70 కేబీ అధ్యాయం సేవ్ చేయాలంటే ఆ క్షణంలో ఫ్లాపీ మీద మూడు రూపాలకూ చోటుండాలి, అంటే 210 కేబీ. ఫ్లాపీ మొత్తం 360. అందులో మిగతా రెండు అధ్యాయాలు, వాటి బ్యాక్‌లు కూడా ఉంటే లెక్క ఎక్కడ తప్పుతుందో మీరే చూడండి. డైరెక్టరీలో చూస్తే ఇంకా చోటు ఉన్నట్టే కనపడుతుంది. గంటసేపు టైప్ చేసి సేవ్ కొడితే "డిస్క్ ఫుల్" అని వచ్చి ఎస్కేప్ నొక్కమంటుంది.

ఆ క్షణంలో ఎవరైనా ఏం చేస్తారు? నిండిపోయిన ఫ్లాపీ తీసి ఖాళీ ఫ్లాపీ పెడతారు. బుద్ధిగా తోచే పని అది. అదే ప్రాణాంతకం. ఫ్లాపీ మీద ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. పాత ఫ్లాపీ పట్టిక మెమరీలో ఉండిపోతుంది, డాస్ దాన్ని తీసుకెళ్లి కొత్త ఫ్లాపీ మీద రాసేస్తుంది. కొత్తదాంట్లో ఏమైనా ఉంటే అది చెడుతుంది, పాతదాంట్లో సగం రాసిన ఫైలు మిగులుతుంది, మెమరీలో ఉన్నది కరెంటుతో పోతుంది. డ్రైవు సరిగ్గా చదవనప్పుడు డాస్ "అబార్ట్, రీట్రై, ఇగ్నోర్" అని అడిగేది కదా, అక్కడ ఫ్లాపీ మార్చి రీట్రై కొట్టినా ఇదే జరిగేది.

ఒక సాయంత్రం సంగతి చెప్తాను. జువాలజీ స్కాలర్ ఒకాయన గట్టిగా పిలిచారు. వెళ్లేసరికి స్క్రీన్ మీద డిస్క్ ఫుల్, ఆయన చేతి వేళ్లు డ్రైవు తలుపు మీద ఉన్నాయి. "సార్, చెయ్యి తీయండి. ఏదీ ముట్టుకోకండి" అన్నాను. ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎస్కేప్ కొట్టి మళ్లీ ఎడిటింగ్‌లోకి వచ్చాం. వర్డ్‌స్టార్‌లో రాస్తున్న ఫైలు మూయకుండానే ఇంకో ఫైలుని చెరిపే కమాండ్ ఉంది. కంట్రోల్ కె, తర్వాత జె. మొదటి అధ్యాయం తాలూకు బ్యాక్ ఫైలు పేరు కొట్టించాను. ఒక్కో అక్షరం పైకి చదివి కొట్టారు, ఎందుకంటే బ్యాక్ అనే చివరి మూడక్షరాలు మరిచిపోతే పోయేది అసలు అధ్యాయమే. ఎంటర్ కొట్టేముందు ఇద్దరం స్క్రీన్ మీద వేలు పెట్టి ఇంకోసారి చదివాం. తర్వాత కంట్రోల్ కె, ఎస్. డ్రైవు ఎర్రలైటు వెలిగి, మోటారు కరకరమంటూ చాలాసేపు తిరిగింది. లైటు ఆరాక ఆయన లేచి బయటికెళ్లి వరండాలో నిలబడ్డారు. నేను ఆ ఫ్లాపీకి రెండు కాపీలు తీసి ఒకటి నా డ్రాయర్‌లో పెట్టాను.

ఆ రాత్రే ఒక చీటీ రాశాను. "డిస్క్ ఫుల్ వస్తే ఫ్లాపీ తీయకండి. స్విచ్ ఆపకండి. మమ్మల్ని పిలవండి." అంతే. స్టెన్సిల్ కట్ చేసి సైక్లోస్టైల్ చేయించి, ఫ్లాపీ కవరులో పట్టేలా కత్తిరించి ప్రతి స్కాలర్‌కీ ఇచ్చాం. ఆ గదిలో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఉపయోగపడింది బహుశా ఆ చీటీయే. ఒక ఫ్లాపీకి ఒకే అధ్యాయం అనే నియమం కూడా అప్పుడే పెట్టాం.

నా చేతులమీదుగా పోయింది కూడా ఒకటుంది. అది దాచను. 1987లో ఎకనామిక్స్ స్కాలర్ ఒకావిడ ఇలాగే ఫ్లాపీ మార్చేశారు. తెల్లముఖంతో నా దగ్గరికి వచ్చారు. అప్పటికి నాకు ఏడాది అనుభవం. డాస్‌లో చెక్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ ఉంది, సరిచేయమని చెబితే తెగిన ముక్కల్ని ఏరి ఫైళ్లుగా కడుతుంది. అది నడిపాను. కానీ ఆ ఫ్లాపీ మీద ఉన్న పట్టిక దానిది కాదు, వేరే ఫ్లాపీది. తప్పు పట్టికని నిజమనుకుని చెక్‌డిస్క్ ఆవిడ ఫైళ్లని మధ్యలో కత్తిరించేసింది. ముందే ఆ ఫ్లాపీకి ఉన్నదున్నట్టు కాపీ తీసి ఉంటే, కాపీ మీద తీరుబడిగా ఒక్కో ముక్కా చూసి సగమైనా వెనక్కి తెచ్చేవాణ్ని. ఆవిడ పాత ప్రింటవుట్లు ముందు పెట్టుకుని మూడు వారాలు మళ్లీ టైప్ చేసుకున్నారు, నన్ను ఒక్క మాట అనలేదు. ముందు కాపీ, తర్వాతే వైద్యం అనే నియమం నాకు అక్కడ వచ్చింది.

పొరపాటున చెరిపేసిన ఫైలు సంగతి దీనికి పూర్తిగా వేరు, అది చాలాసార్లు తిరిగొచ్చేది. డాస్ ఫైలుని చెరిపినప్పుడు లోపలి సమాచారాన్ని తుడవదు. డైరెక్టరీలో పేరు మొదటి అక్షరం మార్చి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. ఆ చోట ఇంకేదీ రాయకముందే మా దగ్గరికి వస్తే చెరిపిన ఫైళ్లని వెనక్కి తెచ్చే నార్టన్ యుటిలిటీస్ అనే ప్రోగ్రామ్‌తో మొదటి అక్షరం చెప్పి వెనక్కి తీసేవాళ్లం. కానీ జనం కంగారులో దాన్ని మళ్లీ టైప్ చేయడం మొదలుపెట్టి, అదే ఫ్లాపీలో సేవ్ చేసి, ఆ తర్వాత వచ్చేవాళ్లు. పోయిందని తెలిసిన క్షణం చేతులు కట్టుకోవడం మనిషికి చాలా కష్టం. మా శిక్షణలో సగం దానికోసమే.

ఫార్మాట్ కమాండ్ ఇంకో ప్రమాదం. డాస్ 3.2 కంటే పాతవాటిలో ఏ డ్రైవో చెప్పకుండా ఫార్మాట్ అని కొడితే, మీరు అప్పుడు ఏ డ్రైవులో ఉంటే దాన్నే ఫార్మాట్ చేసేది. కొత్త ఫ్లాపీ తెచ్చుకున్న కుర్రాడు హార్డ్ డిస్క్‌లో ఉండి ఆ మాట కొడితే పదిమంది పని పోతుంది. మేం అసలు ప్రోగ్రామ్ పేరు మార్చేసి, ఫార్మాట్ అనే పేరుతో చిన్న బ్యాచ్ ఫైలు రాసి పెట్టాం. అది ఎప్పుడూ ఫ్లాపీ డ్రైవునే ఫార్మాట్ చేస్తుంది. ఈ కిటుకు మా సొంతం కాదు, అప్పటి సెంటర్లలో చాలామంది చేసిందే.

టైపిస్టుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే చాలా థీసిస్‌లు నిజానికి వాళ్ల చేతుల మీదుగానే నడిచాయి. టైపు పరీక్షలు లోయర్, హయ్యర్ పాసైన, వేగమైన, తప్పులు లేని చేతులు వాళ్లవి. అయితే చాలా టైప్‌రైటర్ల మీద ఒకటి అంకెకి మీట ఉండదు, చిన్న "ఎల్" కొడతారు. సున్నాకి బదులు పెద్ద "ఓ" కొట్టడం కూడా అలవాటు. కాగితం మీద ఎవరికీ తేడా తెలియదు. అదే చేత్తో ఒక సర్వే డేటా మొత్తం ఎక్కించారు. ప్రోగ్రామ్ అసలు కదలదు, స్క్రీన్ మీద చూస్తే అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ కారణం పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంకో అలవాటు, వరుస చివర క్యారేజ్ తోసినట్టు ఎంటర్ కొట్టడం. అలా కొడితే ప్రతి వరుసా ఒక పేరాగ్రాఫ్ అయిపోతుంది. తర్వాత మధ్యలో ఒక్క మాట చేర్చినా మిగతాది సర్దుకోదు. టైపిస్టు ఒకావిడ 40 పేజీలు అలా కొట్టి, గైడ్ దిద్దుబాట్లు తెచ్చిచ్చినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "మీ తప్పు కాదమ్మా, మేం ముందే చెప్పాల్సింది" అన్నాను. అది ఊరడింపు కోసం అన్న మాట కాదు, నిజం.

విద్యార్థుల్లో ఇలాంటిదే ఇంకొకటి. వర్డ్‌స్టార్‌లో డాక్యుమెంట్ పద్ధతి, నాన్ డాక్యుమెంట్ పద్ధతి అని రెండుంటాయి. డాక్యుమెంట్ పద్ధతిలో అది ప్రతి మాట చివరి అక్షరానికీ తనకోసం ఒక రహస్య గుర్తు పెట్టుకుంటుంది, ఆ అక్షరం కోడ్‌లోని ఎనిమిదో బిట్‌లో. ఆ పద్ధతిలో ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామ్ రాస్తే వర్డ్‌స్టార్‌లో చక్కగా కనపడుతుంది, ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ మాత్రం ప్రతి వరుసకీ తప్పులు చూపిస్తుంది. కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ మొదటి వారమంతా ఇదే.

ఇంతకీ మీ నాన్నగారి విషయంలో నాకు అనుమానం ఉన్నది ఇంకొకటి. 1989 నాటికి చాలా చోట్ల ఎక్స్‌టీల పక్కన ఏటీలు, అంటే వాటి తర్వాతి రకం మెషీన్లు, వచ్చాయి. ఏటీలో 1.2 ఎంబీ డ్రైవు. అది 360 కేబీ ఫ్లాపీని కూడా చదువుతుంది, రాస్తుంది. చిక్కల్లా రాయడంలోనే. ఏటీ డ్రైవు తల, అంటే ఫ్లాపీ మీద చదివి రాసే భాగం, సన్నం, అది రాసే గీత కూడా సన్నం. ఎక్స్‌టీలో వెడల్పుగా రాసిన గీత మీద ఏటీ సన్నగా రాస్తే, అంచుల్లో పాత గీత మిగిలిపోతుంది. మళ్లీ ఎక్స్‌టీలో పెట్టినప్పుడు దాని వెడల్పాటి తల రెండింటినీ కలిపి చదివి తికమకపడుతుంది. సెంటర్‌లో చదివిన ఫ్లాపీ డిపార్ట్‌మెంట్‌లో చదవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. స్కాలర్ డిపార్ట్‌మెంట్ మెషీన్ పాడైందనుకునేవాడు, వాళ్లేమో సెంటర్ వాళ్లు ఫ్లాపీ పాడుచేశారనేవాళ్లు. ఎక్స్‌టీ ఫ్లాపీని ఏటీలో చదవండి, రాయకండి అని మేం గోడమీద పెద్దక్షరాలతో రాసి పెట్టాం. ఏటీలో తయారైన ఫ్లాపీ లేబుల్ మీద ఎర్రసిరాతో ఏటీ అని రాయించేవాళ్లం.

కోస్తాలో ఇంకో శత్రువు బూజు. వానాకాలం వెళ్లేసరికి ఫ్లాపీ కవరుకి ఉన్న కిటికీలాంటి రంధ్రంలోంచి చూస్తే నల్లటి పళ్లెం మీద తెల్లటి చుక్కలు. ఆ ఒక్క ఫ్లాపీతో పోయేది కాదు. దాన్ని డ్రైవులో పెడితే బూజు తలకి అంటుకుని, ఆ తర్వాత పెట్టిన ప్రతి ఫ్లాపీని గీకేస్తుంది. ఒకే పూట ఆరేడుగురి ఫ్లాపీలు చెడితే మేం వైరస్ అనుకున్నాం, తీరా చూస్తే బూజు. అప్పటినుంచి ఫ్లాపీని వెలుతురులో పెట్టి, పళ్లేన్ని వేలితో కొద్దికొద్దిగా తిప్పుతూ చూశాకే డ్రైవులోకి. బూజు పట్టిన ఫ్లాపీలో విలువైన పని ఉంటే కవరు అంచు బ్లేడుతో కోసి, పళ్లేన్ని బయటికి తీసి, సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, నీడన ఆరబెట్టి, కొత్త ఫ్లాపీ కవరులోకి తొడిగేవాళ్లం. ఒక్కసారి చదివితే చాలు, వెంటనే కాపీ. ఆ తర్వాత డ్రైవు తలని స్పిరిట్‌తో శుభ్రం చేయాలి.

వైరస్‌లూ ఉండేవి. 1986లో లాహోర్ నుంచి వచ్చిన బ్రెయిన్, ఆ తర్వాత స్క్రీన్ మీద బంతి ఎగిరే పింగ్ పాంగ్, 1990 ప్రాంతంలో జోషి. జనవరి 5న మెషీన్ ఆన్ చేస్తే హ్యాపీ బర్త్‌డే జోషి అని టైప్ చేయమనేది. అది మూడు మీటలు కలిపి నొక్కి రీస్టార్ట్ చేసినా మెమరీలోంచి పోయేది కాదు, స్విచ్ ఆపాల్సిందే. ఫ్లాపీ పక్కన ఉన్న గాడికి చిన్న స్టిక్కర్ అంటిస్తే దాని మీద ఏదీ రాయడం కుదరదు కాబట్టి వైరస్ ఎక్కదు. ప్రోగ్రామ్ ఫ్లాపీలన్నిటికీ ఆ స్టిక్కర్ వేసి ఉంచేవాళ్లం. నిజం చెప్పాలంటే వైరస్‌లు పేరు ఎక్కువ తెచ్చుకున్నాయి, థీసిస్‌లని పోగొట్టింది మాత్రం డిస్క్ ఫుల్, కరెంటు. వేసవి కోతల్లో వోల్టేజీ ఊగుతుంటే స్టెబిలైజర్ ఒక్కటే సరిపోయేది కాదు. ఎర్త్ పిట్ ఎండిపోతే మెషీన్లు కారణం లేకుండా ఆగిపోయేవి. ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంటలో ఏప్రిల్, మే నెలల్లో రోజూ రెండు బిందెల నీళ్లు పోయించడం కూడా మా డ్యూటీలో భాగమే.

ఇంటర్నెట్ లేకుండా ఎలా నేర్చుకునేవాళ్లమని ఎవరైనా అడిగితే నేను చెప్పేది మా రిజిస్టర్ గురించి. పొడుగు నోటుబుక్కులో నాలుగు గడులు గీశాం. తేదీ, వచ్చినవాళ్లు చెప్పిన మాట, అసలు కారణం, చేసిన పని. రెండో గడిలో మా సాంకేతిక మాట రాయకూడదు, వాళ్ల నోటి మాటే రాయాలి. "నిన్న ఉంది, ఇవాళ లేదు." "అక్షరాలు పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి." "ఏమీ ముట్టుకోలేదు సార్, అదే పోయింది." రెండేళ్లయ్యాక ఆ గడి తిరగేస్తే చాలు, ఏ మాట వెనక ఏ కారణం ఉంటుందో ముందే ఊహకందేది. పిచ్చి అక్షరాలంటే నాలుగింట మూడుసార్లు ఆ డాక్యుమెంట్ పద్ధతి గుర్తులే. మాన్యువల్ ఒక్కటే ఒరిజినల్, మిగతావి జిరాక్సులు. అవి కమాండు పేరు తెలిసినవాళ్లకి పనికొచ్చేవి. మా రిజిస్టర్ ఏం జరిగిందో తెలియనివాళ్లకి పనికొచ్చింది.

ఈ బాధ మనదొక్కటే కాదు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో 1981లో కెర్మిట్ అనే ప్రోగ్రామ్ పుట్టింది. అక్కడి పెద్ద కంప్యూటర్‌లో విద్యార్థుల ఫైళ్లకి డిస్క్ చోటు చాలక, వాళ్ల ఫైళ్లని మైక్రోకంప్యూటర్ ద్వారా ఫ్లాపీల మీదకి దింపి వాళ్ల చేతికే ఇచ్చే మార్గం కావాలని ఫ్రాంక్ డా క్రూజ్, బిల్ క్యాచింగ్స్ దాన్ని తయారుచేశారు. ఎవరైనా వాడుకోవచ్చని పంచిపెట్టారు. మా దగ్గరికీ అది చేరింది. మినీ కంప్యూటర్‌కీ ఎక్స్‌టీకీ మధ్య సీరియల్ కేబుల్ నేనే సోల్డర్ చేశాను. రెండు, మూడు పిన్నులు అడ్డంగా మార్చి, ఏడు నేరుగా. ఫిజిక్స్ వాళ్ల లెక్కల ఫలితాలు మొదటిసారి ఫ్లాపీ మీదకి దిగిన రోజు గదంతా పండగ వాతావరణం. కానీ ఆలోచిస్తే, ఆ కేబుల్ చేసింది కూడా ఇదే. టేపుల బీరువాలోంచి స్కాలర్ చొక్కా జేబులోకి బాధ్యత మారింది. అందుకే కెర్మిట్‌తో ఫైలు దింపి ఇచ్చిన ప్రతిసారీ రెండు ఫ్లాపీల మీద దింపి, ఒకటి ఇంట్లో పెట్టమని, ఇంకొకటి హాస్టల్‌లో కాకుండా గైడ్ గదిలో పెట్టమని చెప్పి పంపేవాణ్ని.

ఇక మీ డబ్బా.

ఏ డ్రైవులోనూ ముందే పెట్టకండి. పగటి వెలుతురులో కిటికీలోంచి చూడండి, పళ్లెం తిప్పుతూ. తెల్లచుక్కలు ఉన్నవి పక్కన పెట్టండి. మధ్య రంధ్రం చుట్టూ గట్టి ఉంగరం లాంటిది అతికించి ఉంటే చాలావరకు అది 360 కేబీ ఫ్లాపీ, లేకపోతే 1.2 ఎంబీది కావచ్చు. పక్క గాడికి స్టిక్కర్ లేకపోతే ఇప్పుడే అంటించండి. అప్పటి వెండి స్టిక్కర్ దొరక్కపోయినా వెలుతురు చొరబడని నల్ల టేపు సరిపోతుంది.

బజారులో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులు 3.5 అంగుళాలవాటికే పనికొస్తాయి. మీవి 5.25 అయితే పాత డ్రైవు ఒకటి సంపాదించాలి, దాన్ని ఇప్పటి కంప్యూటర్‌కి కలపడానికి గ్రీజ్‌వీజిల్ లేదా క్రయోఫ్లక్స్ లాంటి చిన్న బోర్డు కావాలి. అవి ఫైళ్లని చదవడం కాకుండా ఫ్లాపీ మీది అయస్కాంత గుర్తుల్నే ఉన్నదున్నట్టు నకలు తీస్తాయి. ఒక్కో ఫ్లాపీకి ఒకటికి రెండు నకళ్లు తీసి, ఆ తర్వాత ఫ్లాపీని డబ్బాలో పెట్టేయండి. 1987లో నేను చేయనిది ఇదే. వెతుకులాట అంతా నకలు మీదే. అధ్యాయం కనపడకపోతే అదే పేరుతో బ్యాక్ ఫైలు ఉందేమో చూడండి, తర్వాత చెరిపిన ఫైళ్ల జాబితా చూడండి. తెరిచినప్పుడు ప్రతి మాట చివరి అక్షరం వింతగా కనపడితే భయపడకండి, ఎనిమిదో బిట్ తీసేస్తే చదవగలిగే ఇంగ్లీషు బయటపడుతుంది. మీ నాన్నగారి థీసిస్ తెలుగులో అయితే మాత్రం సంగతి వేరు. ఆ రోజుల్లో తెలుగు కోసం ఐఐటీ కాన్పూర్‌లో మొదలై తర్వాత సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థకి చేరిన, మెషీన్‌లో తగిలించే జిస్ట్ కార్డు ఉండేది, దాని సంకేతాలు ఇప్పటి ఫాంట్లకు తెలియవు. దాన్ని విడిగా మార్చుకోవాలి.

బూజు పట్టినవి మీరే కడగాలని చూడకండి. ముందు విలువలేని పాత ఫ్లాపీ ఒకదాని మీద చేయి తిప్పుకున్నాకే.

మీ నాన్నగారిని ఒక్క విషయం అడిగి ఇక్కడ రాయండి. టైప్ చేసింది ఎక్స్‌టీ మీదా, ఏటీ మీదా, లేక రెండు చోట్లా? రెండు చోట్లా అంటే పైన చెప్పిన సన్నగీత సమస్య ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు 360 కేబీ డ్రైవుతో ఒకసారి, 1.2 ఎంబీ డ్రైవుతో ఇంకోసారి నకలు తీయాలి. ఒకదాంట్లో చదవనిది రెండోదాంట్లో చదవొచ్చు. లేబుళ్ల ఫోటో కూడా పెడితే ఏ ఫ్లాపీతో మొదలుపెట్టాలో చెప్తాను.